పాల డెయిరీ దగ్గర

హొసకోట పక్క మా ఊళ్లో
క్యాన్లు నిండకముందే మాట పొంగింది.
ఎకరాకి ఏడాదికి ఇంత, ఇరవై ఎనిమిదేళ్లు.
కాగితం తడిచేత్తోనే పట్టుకున్నాడు పిళ్లప్ప.

"పన్నెండొందల అడుగుల బోరు దుమ్ము కక్కుతోంది.
నా చేలో తప్పకుండా పండేది ఎండొక్కటే.
దాన్నే అమ్ముకుంటా, తప్పా?"

తప్పని ఎవరూ అనలేదు.
రాగిచేలో కలుపు తీసే చిక్కమునెమ్మ మాత్రం
గడ్డిమోపు దించకుండానే అడిగింది:
"ఆ పలకల కింద గరిక మొలుస్తుందా?
మొలిస్తే, పీకే కూలి నాకేనా?"

కంపెనీ కుర్రాడు రాసుకున్నాడు,
లేదా రాసుకున్నట్టు పెన్ను కదిపాడు.

రాత్రి రెండింటికి త్రీఫేజ్ వచ్చింది.
పడమట, బెంగళూరు మీద,
అప్పుడే తెల్లారినట్టుంది ఆకాశం.
నీళ్లు రావని తెలిసీ,
సంతకం పెట్టిన చేత్తోనే
మోటారు వేయడానికి లేచాడు పిళ్లప్ప.