మునిగిన చోట తేలదు

హునిన్ సరస్సు మీద తెల్లారింది.
నాలుగు వేల మీటర్ల ఎత్తున
గాలికి కూడా ఆయాసమే.
కణతలు పగిలిపోతుంటే
ఎవారిస్తా వీపున కట్టిన మూట విప్పి
నాలుగు కోకా ఆకులిచ్చింది.
"నమలకు. బుగ్గన పెట్టుకో."

తర్వాత తెడ్డు చేతికిచ్చింది.
తెడ్డంటే నాకు గంజి కలిపేదే తెలుసు.
అలాగే తిప్పాను.
దోనె ఉన్నచోటే గిర్రున తిరిగింది.
ఆవిడ నవ్వలేదు,
తుంగలో ఏదో నీటికోడి నవ్వింది.

మనిషెత్తు తుంగ. మధ్యలో సందంత నీటిదారి.
"ఇది చాపలకి. ఇది గొర్రెలకి.
అటుపక్కది గూళ్లకి, కొడవలి పెట్టం."

దారి మలుపులో ఒక గుంజ, దానికి మూడు మేకులు.
పైది వాళ్ల నాన్న కొట్టింది.
నడిమిది ఆవిడ పెళ్లయిన ఏడు.
కిందిది పోయిన ఆగస్టులో.
ఇంత వానాకాలంలోనూ నీళ్లు
దానికి జానెడు కిందే ఉన్నాయి.
"గేటెత్తితే దిగుతాయి, ఊళ్లో దీపాలు వెలగాలిగా" అంది,
ఎవర్నీ తిట్టకుండా.
ఆ గేటు దగ్గర కాపలా
వాళ్ల అబ్బాయే.

మేం వచ్చింది మునుగుడు కోడి కోసం.
రెక్కలున్నాయి, ఎగరదు.
ఈ నీళ్లు తప్ప లోకంలో ఇంకో నీళ్లెరగదు.
"ఎగరలేదా?"
"అవసరం పడలేదు."

ఆవిడ కుడి జేబులో మొక్కజొన్న గింజలు.
పిట్ట కనబడితే
ఒక గింజ ఎడమ జేబులోకి మారుతుంది.
ఏటా ఇదే లెక్క, కాగితానికి తర్వాత ఎక్కుతుంది.
పొద్దెక్కింది. ఎడమ జేబు ఖాళీ.

"తెడ్డెత్తు" అంది, గొంతు తగ్గించి.
దూరాన నీళ్ల మీద ఒక వలయం,
మధ్యలో ఏమీ లేదు.
ఇద్దరం అటే చూస్తున్నాం.
అది మునిగిన చోట తేలదు.
వెనక,
నా తెడ్డు చివర చుక్కలు రాలే చోట
ఎర్రటి కన్నొకటి తేలింది.
బూడిద రంగు వీపు మీద, ఈకల్లోంచి
రెండు బుల్లి తలలు
దోనెని చూశాయి, నన్ను చూశాయి,
పెద్ద విశేషమేం కనబడనట్టు
మళ్లీ ఈకల్లోకి వెళ్లిపోయాయి.

ఒక్క గింజ మారింది.
"మరి పిల్లలు?"
"ఏడాది బతికితే లెక్కేస్తాం."

సాయంత్రానికి ఎడమ జేబులో పదకొండు.
ఒడ్డున నిప్పు రాజేసి
కుడి జేబులో మిగిలినవన్నీ
పెంకులో వేయించింది, ఉప్పు చల్లింది.
"తిను, తల దిగుతుంది."

చేతులు చాపాను.
దోసిలి నిండిపోయింది.