నిలవ

ముర్గాబ్‌లో మా ఎక్స్ఛేంజి షాపు వెనక గదిలో
ఏసీ కింద కూర్చుని
జూన్ నెలలో ఒక అంకె కొట్టాను. ముప్పై రోజులు.
ప్రతి పేజీకీ అదే.
ఒకసారి ఫోనులోకి దిగిన పేజీ
నెల దాకా మళ్లీ మా గడప తొక్కక్కర్లేదు.
సర్వరు బిల్లు సగమైంది.
కోశీ సార్ అందరికీ కరక్ చాయ్ తెప్పించాడు.

ఓ శుక్రవారం ఓబులమ్మ వచ్చింది,
జహ్రా నుంచి రెండు బస్సులు మారి,
నల్ల అబాయా అంచున పిండి మరకతో.
రుమాలు ముడిలో అరవై దినార్లు.
"రెండొందల డెబ్బై రెండూ నలభై అనుండాదే" అంటూ
అద్దం కింది సందులోంచి ఫోను తోసింది.
కౌంటరు మీద ఆ పూట రేటు
రెండొందల డెబ్బై, ఎనభై అయిదు పైసలు.
తేడా తొంభై మూడు రూపాయలు.
ఆమె చూసిన పేజీ మూడు వారాల కిందటిది.

అరవలేదు.
"పాతదైతే పాతదని సెప్పల్ల గదా నాయనా.
ఆ ఇంట్లో పదైదు మందికి వండుతా నేను.
ఊరగాయ ఏడాదుంటాది. మజ్జిగ పొద్దుగూకితే పులుస్తాది.
రెండూ ఒగే జాడీలో పోస్తే
నా చేతిలో గరిటె ఉండనిస్తాదా మేడమ్?"

ఆమె ఫోనులో పాత పేజీ నా చేత్తోనే తుడిచాను.
ఆ రాత్రి జాడీలు వేరు చేశాను.

షాపు బొమ్మా, రంగులూ, అక్షరాల తీరూ ఏడాది ఉండొచ్చు;
మారిననాడు పేరే మార్చి పంపుతాను,
కొత్త జాడీకి కొత్త చీటీ.
బ్రాంచీల వేళలు ఒక రోజు,
రంజాన్‌లో అయితే ఒక గంట.
రేటు మాత్రం, దాచుకో,
కానీ నన్నడక్కుండా వడ్డించకు.
మారకపోతే "మారలేదు" అంటాను,
ఆ ఒక్క మాట మోసుకెళ్లడానికి బరువేం కాదు.
ఇక ఎవరు ఎవరికెంత పంపారో చూపే పేజీ
ఎక్కడా నిలవుండకూడదు.
చూశాను కదా,
ఓబులమ్మ గదిలో ముగ్గురికీ అదొక్కటే ఫోను.

లేచేసరికి ఫజ్ర్ బాంగు.
అప్పుడు తట్టింది.
ముప్పై రోజులన్న నా మాట నమ్మిన ఫోన్లు
ఈ కొత్త మాట వినడానికి రావు.
వఫ్రా తోటల్లో, మహబూలా మంచాల కింద,
నీళ్ల ట్యాంకరు డ్రైవరు డ్యాష్‌బోర్డు మీద
నా పాత రేటు ఇంకా తాజాగా ఉంది.
దాన్ని వెనక్కి పిలిచే మీట
నా దగ్గర లేదు.

అందుకే ఈ నాలుగు శుక్రవారాలూ
షాపు బయట టీవీ అట్టపెట్టె ముక్క.
రేటు, కింద టైము, నా దస్తూరీలో.
గంటకోసారి కొట్టేసి రాస్తున్నాను.
ఎండకి మార్కరు వెలిసిపోతోంది.

ఓబులమ్మ మళ్లీ వచ్చింది. అట్ట చదివింది.
ఫోను తీసి పక్కన పట్టుకుంది.
తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది.
"ఏం చేస్తాండాది?"
"అడుగుతోందమ్మా."
"అడగనీ" అంది,
వరసలో ఒక మనిషిని ముందుకి పోనిచ్చి.