ఇరవై ఐదోసారి

రేపు మూడో పీరియడ్, నల్లగొండ కాలేజీలో
ఒక పాఠం చెప్పాలి నేను.
వెయ్యీ ఇరవై నాలుగు గదులు, ఒక్క గదిలో దీపం.
తలుపు తలుపూ తట్టేవాడికి సగటున అయిదువందల తలుపులు.
క్వాంటం వెతుకులాటకు ఇరవై ఐదు అడుగులు.
లెక్క బోర్డు మీదికి ఎక్కుతుంది,
పిల్లల కళ్లల్లోకి దిగదు.

పుట్టపాకలో రాత్రి తొమ్మిది.
తేలియా రుమాలు పడుగులో ఎక్కడో ఒక పోగు తప్పింది.
అండాలు చిన్నమ్మ లెక్కపెట్టదు.
దోనె బిగించి, పడుగంతటి మీదా
ఒక్కసారి అరచెయ్యి నిమురుతుంది.
అన్ని పోగులూ ఒక్క మాట మీద ఊగుతాయి,
ఒక్కటే ఎదురు ఊగుతుంది.
మళ్లీ నిమురుతుంది.
మాట మీదున్నవి ఒకదాన్నొకటి అణుచుకుంటాయి.
ఎదురు తిరిగింది
కొంచెం కొంచెం పైకి తేలుతుంది.

"నీకెట్ల తెలుస్తది చిన్నమ్మా?"
"నాకేం తెల్వది బిడ్డా, దారాలకే తెలుస్తది.
బిగి పోకుంట జూసుకునుడే నా పని."

ఆ బిగికే మా పుస్తకాల్లో కొహెరెన్స్ అని పేరు.
ఫ్యాన్ గాలికి పోతుంది.
ఛాయ్ అడగను తలుపు తోసిన
మార్కండయ్య మామ దగ్గుకు పోతుంది.
తొందరపడి తొంగిచూస్తే
అసలే పోతుంది.

ముడి సంగతి కూడా అడిగాను.
"చిటికి కట్టకుంట రంగు అద్దరాదా?"
"ఎందుకద్దరాదు?
ఒక్కో పోగుకు ఒక్కో గిన్నె పెట్టాలె.
వెయ్యి గిన్నెలు మీ నాయిన కొనిస్తడా?"

నవ్వాను గానీ
మూడేళ్లు చదివిన పేపర్లన్నీ ఆ గిన్నెల్లో మునిగాయి.
ముడిపడితే పది క్యూబిట్లు వెయ్యి గదుల్ని మోస్తాయి.
ముడి లేకున్నా దీపం దొరుకుతుంది,
మోసేందుకు వెయ్యి భుజాలు కావాలి, అంతే.

పోగు కనబడేకొద్దీ పడుగు ఊపు తగ్గింది.
అంతటా పరుచుకున్నదేదో
కరిగి కరిగి ఒక్క దారంలో నిలిచింది.
దొరకడమంటే
మిగతా అన్ని చోట్లా ఉండగలగడాన్ని
ఖర్చు పెట్టేయడమా?

"ఇంకోసారి నిమురు, ఖాయం చేసుకుందాం."
చెయ్యి వెనక్కి తీసుకుంది.
"దొరికినంక గూడ దేవులాడితే మల్ల పోతది."
యాభయ్యో అడుగు దగ్గర సమీకరణం కూడా
ఇంతకన్నా ఏమీ చెప్పదు.

మూడో పీరియడ్.
ఇరవై ఐదు అని రాసి సుద్దముక్క కింద పెట్టాను.
"ఇంకొక్కటి ఎక్కువేస్తే ఏమైతది మేడం?"
వెనక బెంచీ, నకిరేకల్ పిల్ల.
జవాబు చెప్పబోయి ఆగాను.
నా వేళ్లకు ఇంకా నూనె పోగు వాసన.