ఏడో నెంబరు నిచ్చెన

మా నాయిన నిచ్చెనలకు నెంబర్లు ఉర్దూల వేసేటోడు,
నడిమి మెట్టు మీద, ఎర్ర రంగుతోని.
బేగంబజార్ల అప్పుడు లెక్కలన్నీ గట్లనే.
పదకొండు నిచ్చెనలు, రోజుకు ఆరణాల కిరాయి.
దసరా ముందట ఒక్కటీ దుకాణంల నిలవకపోయేది.

ఆ రాత్రి బయట ఉన్నయి రెండే.
ఏడు: సున్నాలేసే పోచమల్లు, వేలిముద్ర.
ఎనిమిది: తెల్లచొక్కా మనిషి ఎవడో.
పేరడిగితే "రాసుకో ఏదో ఒకటి" అన్నడు,
రూపాయిచ్చి చిల్లర కోసం నిలవడలేదు.

తెల్లారి పలకలు తీస్తే
ఒక నిచ్చెన గోడకు ఆనించి ఉంది.
ఎవరు పెట్టిపోయిన్రో చూడలే.
రెండోది కాచిగూడల దొరికింది,
మిల్లు సేఠు మేడ వెనక, కిటికీ కింద.
కిటికీ లోపల ఉయ్యాల.
ఉయ్యాలల బబ్బు లేడు.

పదివేలకు చీటీ వచ్చింది.
పదివేలు పోయినయి, పిల్లగాడు రాలే.
మూసీ ఇసుకల ఒక్క ఊలు మేజోడు దొరికితే
అల్లింది నేనేనని నానమ్మ
కోర్టుల దాన్ని చేతికి తొడుక్కొని చూపించింది.
రెండు వేళ్లే పట్టినయి.

పోచమల్లును చూసినోడు ఎవడూ లేడు.
కిటికీ చెక్క మీద సున్నపు వేళ్లున్నయి.
(ఆ మేడకు సున్నమేసింది వాడే, నెల కింద.)
పెంకుల సందుల నూటయాభై రూపాయలున్నయి.
(చీటీ ఎత్తిన పైసలని పెండ్లాం మొత్తుకున్నది.)
ఇగ నా బుక్కు. నా నిచ్చెన.
సర్కారు వకీలు లంకెకు లంకె తగిలిచ్చి
గొలుసు అన్నడు.

ఆయన గుంటూరు దిక్కు నుంచి కొత్తగ వచ్చినాయన,
ఉర్దూ రాదు. మెట్టు మీద పెన్సిలు పెట్టి
"ఇదేం గుర్తు లింగాచారీ?" అన్నడు.
"ఏడు" అన్న.

ఉర్దూ ఏడు నోరు పైకి తెరిచిన గరాటు.
బోర్లేస్తే ఎనిమిది.
మా నాయిన నిచ్చెనలకు తలా కాలూ ఒక్కటే,
రెండు దిక్కులా అదే వెడల్పు, అదే టేకు.
బంట్రోతు దాన్ని ఎట్ల నిలబెట్టిండో
గట్లనే చదివిన.

బోన్ల నుంచి పోచమల్లు ఒక్కటే మాట:
"కోడి కూయకముందే నీ గోడకు పెట్టిపోయిన గదనే,
లేపుదమనుకున్న, నిద్రల ఉంటివి."
జడ్జి రాసుకున్నడో లేదో.
నేను మెట్లు లెక్కపెడుతున్న. పన్నెండు.

యావజ్జీవం పడ్డది.
తొమ్మిదో ఏడు చంచల్‌గూడ జైల్ల దగ్గుతోని పోయిండు.
తీర్పు అయిన వారానికే వాని పెండ్లాం వచ్చి
కిరాయి బాకీ ఆరణాలు బల్ల మీద పెట్టింది.
తీసుకున్న.

మొన్న బోర్డులు రాసే పిల్లగాన్ని పిలిచి
నిచ్చెనలన్నిటికీ తెలుగుల నెంబర్లు వేయమన్న.
మూలకున్న పాతదాన్ని బయటికి గుంజి
అటు తిప్పిండు, ఇటు తిప్పిండు,
"తాతా, దీనికేం వెయ్యాలె?"

ముందుగాల పోయి చాయ్ తాగిరా అన్న.