నలభై నాలుగు పాళ్లు

నల్లబల్ల మీద రాశాను:
రాయి. మంట. సున్నం.
"నూరు పాళ్ల రాయి కాలిస్తే
సున్నం యాభై ఆరు పాళ్లే. మిగతాది ఏమైంది?"

వెనక బెంచీ నుంచి సలూస్తియో, చెయ్యెత్తకుండానే:
"రెండు గాడిదలు మోసుకెళ్లిన రాయి
ఒక్క గాడిద మీద దిగొస్తుంది టీచర్.
రెండోదానికి సెలవు."
తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఒహాకా కొండల్లో నాకిది మొదటి ఏడాది.
ఇక్కడ సున్నం పాఠం కాదు, పూట.
రాత్రి మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడికించి
తెల్లారి పొట్టు కడిగి, రాతి మీద నూరి
రొట్టెలు తడతారు.
ఎక్కువైతే నాలుక పొక్కుతుంది,
తక్కువైతే పిండి ముద్ద కట్టనంటుంది.
ఎంత వెయ్యాలని అడిగితే దోన్యా ఎఫ్రేనా
వేలు ముంచి, నాకి, "ఇంత" అంది.
నా త్రాసులో ఆ "ఇంత"కి తూకపు రాయి లేదు.

ఇక గుణాలు.
పోయిన ఆ వాయువుకి రంగు లేదు.
వాసన లేదు.
గాలికంటే బరువు, అని రాస్తుంటే
సుద్దముక్క విరిగింది.
తెయోదూలా లేచి నిలబడింది.
"ఇంకోటుంది టీచర్.
నీళ్లలాగే దానికీ పల్లం తెలుసు.
వచ్చి పడుకుంటుంది,
పడుకున్నవాళ్ల పక్కనే."

డిసెంబరు. బట్టీ రాజేసిన నాలుగో రాత్రి.
రాళ్లు లోపల దానిమ్మ గింజల్లా ఉన్నాయట.
కాపలా ఉన్న వాళ్లన్న ఫిదెన్సియో
చలికి ఆ పక్క గోతిలో దుప్పటి పరుచుకున్నాడు.
పొద్దున చూస్తే ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు.
మంటకి భయపడటం నేర్పారు అతనికి
చిన్నప్పటి నుంచీ.
మంటకే.

నా పుస్తకంలో దాన్ని ఉప ఉత్పత్తి అంటారు.
ఆ మాట బల్ల మీద అప్పటికే రాసేశాను.
మోచేత్తో తుడిచాను. చొక్కా తెల్లబడింది.

ఏదో ఒకటి చెప్పాలి కదా, చెప్పాను:
గోడకి వేసిన సున్నం ఉత్తినే ఆరదు,
బట్టీలో పోయిన వాయువునే
గాల్లోంచి కొంచెం కొంచెంగా తాగి
మళ్లీ రాయవుతుంది.
"అంతా తాగేస్తుందా?"
"అంతా."
"ఎన్నాళ్లకి?"
పూత మందాన్ని బట్టి, అన్నాను.
తనేమీ అనలేదు. శవపేటికల వాళ్ల గోడ వైపు
కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

మర్నాడు ప్రయోగం.
తేరిన సున్నపు నీళ్లు, గ్లాసుకో గడ్డిపుల్ల.
ఊదండి. పీల్చొద్దు, ఊదండి.
ఒక్కొక్క గ్లాసూ పాలయింది.
సలూస్తియో తాగినట్టు నటించి తన్నులు తప్పించుకున్నాడు.
అందరూ పుల్లలు తీసేశారు.

తెయోదూలా తియ్యలేదు.
కళ్లు మూసుకుని, ఊపిరి అందినప్పుడల్లా
ఊదుతూనే ఉంది.
బెల్లు కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు.
పాలు పలచబడ్డాయి.
పలచబడి, పలచబడి
గ్లాసు అవతల తన వేళ్లు కనిపించాయి.

ఆ భాగం నేనింకా చెప్పలేదు.