అవిభక్త వాటా

ముప్పై ఒక్క ఏళ్ళు
చంద్రగిరి సబ్ రిజిస్ట్రారాఫీసు ముందర
రేకుల పంచలో కూర్చుని దస్తావేజులు రాసినోణ్ణి.
తూర్పున ఫలానావారి మడి, పడమర బండ్లబాట,
ఉత్తరాన వంక, దక్షిణాన మునెప్ప మామిడితోపు అంటూ
ఎవరెవరి నేలకో నాలుగు హద్దులు కట్టి
నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా
ఇచ్చేసినోణ్ణి.

కడాకు నాకు దక్కింది
అవిలాల దగ్గర మూడో అంతస్తు,
దాని కింద అవిభక్త వాటా ఏడున్నర అంకణాలు.
అది యాడుందయ్యా అని బిల్డర్ని అడిగితే
"అంతటా ఉంది సార్" అన్నాడు,
దేవుడి గురించి చెప్పినట్టు.

తాళంచెవులతో పాటు
నిబంధనల పుస్తకం చేతిలో పెట్టినారు.
నలభై రెండు.
రాత్రి భోంచేసి, అద్దాలు తుడుచుకుని
పాత అలవాటున వేలుపెట్టి చదివినా.
బాల్కనీ కమ్మీల మీద తువ్వాళ్ళు ఆరేయరాదు. సరే.
మేడ మీద వడియాలు పెట్టరాదు.
మా ఆవిడ అక్కడే పుస్తకం మూసేయమనింది.

పదిహేడు:
సముద్రస్నానం చేసి వచ్చువారు
కాళ్ళకంటిన ఇసుక కడుక్కొనిన పిమ్మటే
లిఫ్టు ఎక్కవలెను.
ఇరవై మూడు:
జనవరి మొదలు మార్చి ఆఖరు వరకు
తూర్పువైపు దీపములు రాత్రి తొమ్మిది దాటి వెలిగించరాదు,
తాబేళ్ళ నిమిత్తం.

లేచి కిటికీ తీసి చూసినా.
కొండ. కొండ మీద ఘాట్ రోడ్డు దీపాలు.
సముద్రం వంద కిలోమీటర్లు.
మాకు దగ్గరున్న ఇసుకంతా స్వర్ణముఖిది,
కడుక్కుందామన్నా దాంట్లో నీళ్ళుండవు.

ఏ బీచి ఒడ్డు అపార్టుమెంటు పుస్తకమో తెచ్చి
పేరు మార్చి అచ్చేయించినట్టుండాడు మహానుభావుడు.
మా పనిలో ఇట్లుంటే ఒప్పరు.
ప్రతి పేజీ అడుగున రాయాల
కొట్టివేతలు ఇన్ని, చేర్పులు ఇన్ని అని.

ఉగాది దాటినాక ఒక ఆదివారం
పార్కింగులో జనరల్ బాడీ.
ప్లాస్టిక్ కుర్చీలు, మిరపకాయ బజ్జీలు.
ఆ రెండూ కొట్టేద్దామన్నాడు ప్రెసిడెంటు రెడ్డెప్ప.
కొట్టేయాలంటే నాలుగింట మూడొంతులు చేతులెత్తాల,
అది నలభై ఒకటోది.
ముప్పై ఆరిళ్ళకు వచ్చింది పంతొమ్మిది,
అందులో ఆరు బజ్జీలకు.
మాట ట్యాంకరు నీళ్ళ మీదికి పోయింది,
ఆడి నుంచి భువనేశ్వరి టీచర్ కుక్క మీదికి.
సముద్రం అట్లే ఉండిపోయింది
మా అపార్టుమెంటులో, చట్టప్రకారం.

వాచ్‌మన్ సోమయ్యది తూపిలిపాళెం.
అతని భార్య కావేరమ్మ ఒకనాడు
లిఫ్టు పక్కన అతికించిన కాగితం చూపించి
ఏం రాసుండాదో చదవమనింది.
ఇరవై మూడు కాడ నవ్వుతుందనుకున్నా.
నవ్వలా.

"నిజమే సామీ.
గుడ్డులోంచి వచ్చిన పిల్లలు
ఎలుతురు యాడుంటే ఆడికే పోతాయి,
నీళ్ళనుకుంటాయి.
మా ఊళ్ళో రొయ్యల గుంటల లైట్లు చూసి
రోడ్డెక్కి చస్తా ఉండాయి."

ఇరవై తొమ్మిది నేను చదవలా:
ఆవరణలో ఎండుచేపలు నిషిద్ధం.
మోటారు గది రేకు మీద
అప్పుడు ఆమె నెత్తళ్ళు ఎండుతా ఉండాయి.

జనవరి వచ్చింది.
తొమ్మిది కొట్టేసరికి తూర్పు మెట్ల దీపాలు
పైనుంచి కిందికి ఒకదాని వెనక ఒకటి ఆరిపోతా ఉండాయి.
ఎలక్ట్రీషియను రెండుసార్లు వచ్చి
వైరింగులో లోపం లేదన్నాడు.
రెడ్డెప్ప టార్చి కొనుక్కున్నాడు.
నాకు తెలుసు. నన్నెవరూ అడగలా.

నా బాల్కనీ దీపం కూడా తీసేసి కూర్చున్నా.
ఆ ఏడున్నర అంకణాలకు
ఇప్పుడెవరైనా హద్దులు రాయమంటే రాస్తా:
ఉత్తరాన కొండ,
పడమర రెడ్డెప్ప కారు,
దక్షిణాన స్వర్ణముఖి ఇసుక,
తూర్పున సముద్రం.

చీకట్లో ఏం చేస్తా ఉండావనింది మా ఆవిడ.
రూలుంది అన్నా.
వడియాలకు లేని రూలా అని
ఆమె లోపలికి పోయింది.