మూడోదానికీ నాలుగోదానికీ నడుమ

ఆత్మకూరు దాటినంక ఆటోల పదకొండు కిలోమీటర్లు.
గడి ముంగట ఇరవై కార్లు, నా చెప్పులకు దుమ్ము.
దర్వాజ కాడి పిల్ల లిస్టుల నా పేరు వెతికింది.
అతిథులల్ల లేదు, వంటోళ్లల్ల లేదు,
'కార్యక్రమం' అని రాసిన కాయితంల దొరికింది.

నలభై కుర్చీలు. కుర్చీకి ఎనిమిది వేలు.
వంటకాలకు గడి పేర్లే పెట్టిండ్రు:
గడప అంటే చెంచాడు గట్క, మీద ఏందో తెల్లటి నురుగు.
దాలాన్ అంటే సర్వపిండి, రూపాయి బిళ్లంత.
కిటికీ అంటే పచ్చిపులుసు, గాజు గొట్టంల.
మూడోదానికీ నాలుగోదానికీ నడుమ నేను.
"ఏడు నిమిషాలు సార్" అన్నది ఇందుప్రియ మేడం,
"ఎనిమిదో నిమిషంల ఐస్‌క్రీం కరుగుతది."

అంతకు ముందు ఆర్కిటెక్టు గోడను చూపిచ్చిండు.
తెల్ల గ్లౌజు తొడిగిన చేత్తోని
పసిపోరని వీపు నిమిరినట్టు నిమిరిండు.
సిమెంటు చిటికెడు లేదు, అంతా డంగు సున్నం, అన్నడు.
గానుగల నలిగిన సున్నంల
కరక్కాయ నీళ్లు, బెల్లం, మినుముల జిగురు,
కోడిగుడ్ల తెల్లసొన.
నలభై మంది ఆహా అన్నరు.
నాకైతే నోరూరింది, అబద్ధమెందుకు.
ఈ గోడ తిన్న తిండి
కట్టినోళ్లల్ల ఒక్కరన్న తిన్నరా అని
అంబలి ముంతలు లెక్కపెడుతున్న,
అంతల ఆయన ఈశాన్యం మూలకు టార్చి కొట్టిండు.
"ఇదొక్కటి మాకు అంతుపట్టని పగులు.
పునాది కుంగలే. వాన దిగలే.
మూడు గజాల మేర బెల్లం పాలు తగ్గింది.
ఎందుకో పరిశోధన చెయ్యాలె."

పరిశోధన వద్దు సారూ.
ఆ మూడు గజాలు మా అవ్వ.
వల్లెపు తిప్పమ్మ,
గానుగ ఎనక సున్నం ఎగదోసే మనిషి, ఏడో నెల కడుపు.
మేస్త్రి కొలిచి ఇచ్చిన బెల్లంల
దినాం ఒక గడ్డ కొంగున ముడేసింది.
సున్నం చేతులు, పగిలిన పెదాలు,
ముందుగాల మండేదట, ఎనుక తియ్యగయ్యేదట.
నా ఆరేండ్లప్పుడు చెప్పింది, నవ్వుకుంట,
దొర సచ్చి పదేండ్లయినా గొంతు తగ్గించి.
పుట్టిన పోరనికి బెల్లయ్య అని పేరు పెట్టింది.
ఊరోళ్లు ఏ తాత పేరో అనుకున్నరు.
ఆయన మా నాయన.
సాగర్ కాడ రాళ్లు మోసిండు,
భాష తెల్వని ఊర్లల్ల కట్టలు పోసిండు,
ఆయన చెయ్యి పడ్డ తాన యాడా పగులు రాలే.

ఇదంతా నేను అక్కడ చెప్పిన్నా?
చెప్పలే.
జేబుల కాయితం తీసి
కృష్ణ మీద రాసింది చదివిన,
ఆరు నిమిషాల నలభై సెకన్లు.
చప్పట్లు బాగనే కొట్టిండ్రు. ఐస్‌క్రీం కరగలే.
ఒకాయన నా ప్రాస మెచ్చుకున్నడు,
నేను ప్రాస రాయనే లేదు.

నాకు కుర్చీ లేదు గనుక
నాలుగో వంటకం వంటింటి మెట్ల మీద తిన్న:
తాటిబెల్లం, నువ్వులు, వెండి రేకు.

మెట్ల కింద, కూలిన పశుల కొట్టం ఎనక
పొద్దుగాల పనికి సున్నం నానబెడుతున్నరు.
బస్తాల పక్కన బెల్లం బుట్ట, తూకం, ఒక చిట్టి.
పార పట్టిన ఆడమనిషి
నా చేతిల ప్లేటు దిక్కు చూసి, చూపు తిప్పుకున్నది.

"ఏ మూలకమ్మా ఇది?"
"గా పగిలిన తావుకే."
"బెల్లం ఎంత పడుతది?"
"వాళ్లు జోకి ఇస్తరు సారూ. గ్రాము తప్పొద్దంట."

అంటనే కొంగు కొస
నడుముల గట్టిగ చెక్కుకున్నది.
ముడి ఎంత ఉన్నదో నేను చూడలే.
చీమ ఒకటి చూసింది.